ఆరో నంబరు ఆధారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆధారం లేకుండా మాట్లాడేవాళ్లను చూస్తే మరీనూ, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకసారి బంధువుల ఇంట్లో భోంచేస్తుంటే ఎవరో "మా ముత్తాతకి రెండు ఏనుగులుండేవి" అన్నారు. "ఎక్కడ రాసుంది?" అని అడిగి, మా ఆవిడ చేత డొక్కలో మోచేతి పోటు తిన్నాను. ఇదంతా ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఇక చెప్పబోయేది నా పరువు పోయిన సంగతి. ఎలాంటి మనిషి పరువు పోయిందో తెలియాలి కదా.

నేను గ్రంథాలయంలో పాత పత్రికల గది చూస్తాను. మూడు నెలలకొక సంపుటం చొప్పున అట్టలు వేసి కుట్టించిన దినపత్రికలు గోడల పొడవునా ఇనుప అరల్లో ఉంటాయి. వచ్చేవాళ్లు తక్కువ. ఆ తీరికలోనూ, సాయంత్రాలు ఇంటి దగ్గరా పదిహేనేళ్లుగా నేను చేస్తున్న పని ఇంకొకటుంది. ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం అంతర్జాలంలో ఉంది కదా, అందులో చరిత్ర వ్యాసాలు దిద్దుతాను. జీతం లేదు, సన్మానం లేదు. ఎవరు ఏ వాక్యం రాసినా దాని పక్కన ఒక నంబరు వేసి, అడుగున ఆ నంబరు కింద ఫలానా పుస్తకం, ఫలానా పేజీ అని ఆధారం చూపాలి. చూపకపోతే తీసేస్తాను. అక్కడ అందరివీ మారుపేర్లే. తోటివాళ్లు వెక్కిరింతగా నన్ను "ఆధారాలయ్య" అనడం మొదలుపెడితే, మురిసిపోయి ఆ పేరే నా పేరుగా పెట్టుకున్నాను; నా పాత రాతల కింద కూడా అదే పడింది.

ఈ ఏడాది ఒక వ్యాసం దగ్గర గొడవ మొదలైంది. యాభై ఏళ్ల కిందట మా ఊరి కాలువకు తెల్లవారుజామున గండి పడి, దిగువ పేటలు మునిగి నలభై రెండు మంది పోయారు. ఆ దుర్ఘటన మీద వ్యాసం అది. అందులో ఒక వాక్యం: "లాకుల తలుపులు ఎత్తవలసిన లస్కరు మద్యం మత్తులో ఆదమరచి నిద్రించడం వల్ల నీరు కట్టలు దాటి గండి పడింది." లస్కరంటే కాలువ లాకుల దగ్గర కాపలా ఉండి, చక్రం తిప్పి తలుపులు ఎత్తే, దించే మనిషి. వాక్యం చివర ఆరో నంబరు. ఆ నంబరు కింద ఒక ఆచార్యుడి పుస్తకం పేరు, పేజీతో సహా.

పేరు లేని అతిథి ఎవరో ఆ వాక్యం తీసేశారు. నేను తిరిగి పెట్టాను. మళ్లీ తీసేశారు, మళ్లీ పెట్టాను. నాలుగోసారి ఆ అతిథి చర్చా పేజీలో, అంటే వ్యాసం వెనక మేం వాదించుకునే చోట, ఒక ముక్క రాశారు. "ఆయన మా నాన్న. తాగడు. తీసేయండి."

దానికి నేనిచ్చిన జవాబు ఇదీ: "మీ కుటుంబ జ్ఞాపకాలు ఆధారం కావు. అచ్చులో ఉన్నదేదైనా చూపండి. ఆ వ్యక్తి మీకు బంధువు కాబట్టి ఈ వ్యాసం జోలికి మీరు రాకపోవడమే మర్యాద." మర్యాద అన్న మాట కూడా వాడాను. రాసేసి టీ తాగి, ముక్క బాగా కుదిరిందని అనుకున్నాను.

తర్వాతి మంగళవారం పదకొండింటికి ఒకావిడ పత్రికల గదిలోకి వచ్చింది. అరవైకి అటూ ఇటూగా ఉంటుంది. భుజాన అడ్డంగా తోలు సంచి. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, నేల ఎప్పుడు కదులుతుందో చెప్పలేమన్నట్టు నిలబడింది.

"బాబూ, పాత పేపర్లు చూపించేది మీరేనా?"

"నేనేనమ్మా. కొంచెం మెల్లిగా మాట్లాడండి, అవతల చదువుకుంటున్నారు."

"ఏం చెయ్యను బాబూ, ముప్పై రెండేళ్లు బస్సులో కండక్టరుగా చేశా. రిటైరై ఏడాదైనా ఈ గొంతుకి ఇంకా తెలీలేదు."

కూర్చోబెట్టాను. సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. నా వ్యాసమే. ఆ వాక్యం కింద ఎర్ర గీత.

"గండిలో పోయినోళ్ల పేర్లతో కాలవ గట్టున రాయి పెడుతున్నారు. పోయింది నలభై రెండు మంది, చెక్కేది నలభై ఒకటి. మా నాన్న పేరు తీసేశారు. ఎందుకయ్యా అంటే కమిటీ సెక్రటరీ ఇది చూపించాడు. తాగి పడుకుని ఊరిని ముంచినోడి పేరు పోయినోళ్ల మధ్య ఎలా పెడతామమ్మా అన్నాడు. వచ్చే సోమవారం చెక్కేవాడు పని మొదలెడతాడు."

కాగితం నా వైపు తిప్పుకున్నాను. ఆవిడ ఆగలేదు.

"దీంట్లో ఆధారాలయ్య అని ఒకడున్నాడు బాబూ. నేను తీసేస్తే పెట్టేస్తాడు. ఒట్టి జిడ్డు మనిషి. వాణ్ణి తిట్టుకోని పూట లేదు. అయినా ఒక మాట చెప్పాలి, నేనూ ఆ రకమే. ముప్పై రెండేళ్లలో టికెట్ లేకుండా ఒక్క ప్రాణిని ఎక్కించుకోలేదు. మా ఆయన అక్క ఎక్కినా సరే, 'వదినా, టికెట్' అని చెయ్యి చాపిందాన్ని. ఆమె ఇప్పటికీ మాట్లాడదు. వాడూ టికెట్ అడుగుతున్నాడు, వాడి డ్యూటీ వాడిది. అందుకే వచ్చా. మా నాన్న తాగాడని ఏ పేపర్లో రాశారో నాకు చూపించండి. ఉంటే నోరు మూసుకుని పోతా."

"అమ్మా, వాడు నేనే" అనడానికి ఎంతసేపు పడుతుంది? గొంతు సవరించుకుని, "ఇప్పుడే చూసి చెబుతానుండండి" అన్నాను. భయం కూడా లేదు నాకు. ఆధారం ఉంది, చూపిస్తాను, ఆవిడే వెళ్లిపోతుంది అనుకున్నాను.

పైఅంతస్తులోంచి ఆచార్యుడి పుస్తకం తెచ్చాను. ఆ పేజీలో ఆ సంగతి ఉంది. తనకెలా తెలిసిందో ఆయన కింద చెప్పాడు: పదేళ్ల కిందటి దినపత్రిక, గండి పడి నలభై ఏళ్లయిందని వేసిన ప్రత్యేక కథనం. ఆ సంపుటం నా గదిలోదే. తీశాను. కథనం మధ్యలో ఉంది వాక్యం, "మద్యం మత్తులో ఆదమరచి నిద్రించడం వల్ల" అంటూ. అక్షరం పొల్లుపోకుండా మా వ్యాసంలో ఉన్నదే. ఎవరు చెప్పారో, ఎవరు చూశారో విలేకరి రాయలేదు.

కంప్యూటర్ దగ్గరికి వెళ్లి మా వ్యాసం చరిత్ర తెరిచాను. ఏ ముక్క ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు రాశారో అక్కడ మొత్తం ఉంటుంది, చెరిపినా చెరగదు. వెనక్కి వెనక్కి వెళ్లాను. ఆ వాక్యం పదిహేనేళ్ల కిందట, పత్రిక కథనానికి ఐదేళ్ల ముందు వ్యాసంలో చేరింది. రాసినవారు: ఆధారాలయ్య. ఆధారం: ఏమీ లేదు.

విలేకరి నా వాక్యం ఎత్తి రాసుకున్నాడు. ఆచార్యుడు విలేకరిని నమ్మి పుస్తకంలో ఎక్కించాడు. పుస్తకం రాగానే నేను సంబరపడిపోయి, ఇది నేను రాసిందేనన్న సంగతి మర్చిపోయి, నా వాక్యం పక్కనే ఆరో నంబరు వేసి దాన్ని ఆధారంగా పెట్టాను.

ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ పనికి కొత్త. వ్యాసంలో అన్నీ ఉన్నాయి, తలుపులు ఎందుకు ఎత్తలేదన్నది మాత్రం లేదు. అన్నం తింటూ మా పెదనాన్నని అడిగాను. ఆయన ఏ మాటా వేళాకోళం లేకుండా అనే మనిషి కాదు. "లస్కరు రెండు చుక్కలేసుకుని పడుకునుంటాడ్లేరా, ఇంకేం చేస్తాడు" అని పెరుగు కలుపుకున్నాడు. నేను చెయ్యి కడుక్కుని వెళ్లి, దానికి పెద్ద పెద్ద మాటలు తొడిగి రాసేశాను.

వెనక్కి వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటోంది. "దొరికిందా బాబూ?"

"ఇవాళ దొరకలేదమ్మా."

"గండి పడిన ఏడాది పేపర్లు కూడా చూశారా?"

"చూశాను. ఏమీ లేదు."

చూడలేదు. ఆ సంపుటం నా కుర్చీకి నాలుగు అరల అవతల, అన్నిటికన్నా కింద ఉంది. పదిహేనేళ్లలో ఒక్కసారి దాని దుమ్ము దులిపి ఉంటే ఒట్టు.

"పాపం, శ్రమ పెట్టాను. రేపొస్తా" అని ఆవిడ నాకు దణ్ణం పెట్టి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా ఆ వాక్యం తీసేశాను. ఎందుకు తీశామో రాయాల్సిన చోట "చిన్న సవరణ" అని రాశాను. దొంగబుద్ధి. ఎవరూ చూడకపోతే ఊరికే పోతుందనుకున్నాను.

పావుగంటలో వాక్యం మళ్లీ ప్రత్యక్షమైంది. పెట్టినావిడ మారుపేరు కత్తెర. ఎక్కడో మందుల షాపు నడుపుతుంది, నేనెప్పుడూ చూడలేదు. ఆరేళ్ల కిందట ఈ పని నేనే నేర్పాను, అందుకని మాస్టారూ అంటుంది. "మాస్టారూ, ఆధారం ఉన్న వాక్యం చెయ్యి జారి పోయినట్టుంది, తిరిగి పెట్టాను" అని రాసింది.

మళ్లీ తీశాను. "ఆ పుస్తకం అంత నమ్మదగింది కాదు" అన్నాను.

మళ్లీ పెట్టింది. "ఆచార్యుడి పుస్తకం, పేరున్న ప్రచురణ. మీరే పెట్టారు కదా మాస్టారూ. పోయిన వారం ఆ అతిథికి మీరిచ్చిన జవాబు మేమందరం చదివాం. కుటుంబంవాళ్లు ఏమైనా ఒత్తిడి చేస్తున్నారా? మీరు తగ్గొద్దు. మేమున్నాం."

మేమున్నాం అన్న మాట చూసి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకే రోజు మూడుసార్లకు మించి ఇలా తిప్పికొట్టకూడదని రూలు. మిగిలిన ఆ ఒక్కసారికి చెయ్యి ఎత్తి, దించేశాను.

మా ఆవిడ కాఫీ పెట్టి వెళ్తూ మొహం చూసింది. "ఏవండీ, ఎవరితో గొడవ? ఎవరికైనా ఏనుగులు దొరికాయా?"

"ఏం లేదు, ఒకళ్లు ఆధారం లేకుండా రాశారు" అన్నాను.

"వదలకండి మరి" అని నవ్వుకుంటూ వెళ్లింది.

బుధవారం నేను తాళం తీసేసరికే కండక్టరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి వచ్చి, కుర్చీ నా కంప్యూటర్ పక్కకు లాక్కుంది.

"రాత్రంతా ఆలోచించా బాబూ. ఆ ఆధారాలయ్యకి పద్ధతిగా ఉత్తరం రాద్దాం. నాకా ఫోన్లో నాలుగు ముక్కలు కొట్టేసరికి తల ప్రాణం తోకకొస్తోంది. నేను చెబుతా, మీరు కొట్టండి."

కొట్టాను.

"ఆధారాలయ్య గారికి నమస్కారం. గారు పెట్టారా? పెట్టండి, పని మనది. మీరడిగిన ఆధారం నా దగ్గర లేదు. గ్రంథాలయంలో ఒక మంచాయన నా కోసం పాత పేపర్లన్నీ వెతికాడు. మా నాన్న తాగాడని కూడా ఆయనకి ఎక్కడా దొరకలేదు. మా అమ్మ గండి తర్వాత ఇరవై ఏళ్లు అదే పేటలో బతికింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకునేదాకా వెళ్లేవాళ్లు. అంత కోపంలో కూడా మా అమ్మని ఎవరూ ఆ మాట అనలేదు. ఈ మాట ఈ మధ్య పుట్టిందండి."

నేను కొడుతూనే ఉన్నాను.

"నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. ఆయన గురించి నాకు గుర్తున్నవి మూడో నాలుగో. నన్ను చక్రం మీద కూర్చోబెట్టడం ఒకటి. నూనె వాసన ఒకటి. మీరు రాసింది చదివినప్పట్నించీ నాన్న గుర్తొస్తే ముందు సీసా కనపడుతోందండి. లేని సీసా. నాకు రాయి మీద పేరు ఒక్కటే కాదు, ఆ సీసా కూడా తీసేయాలి."

నా చేతులు ఆగిపోయాయి.

"ఏం బాబూ, తొందరగా చెప్పానా?"

"అమ్మా, ఇది పంపక్కర్లేదు. ఆధారాలయ్య నేనే. ఆ వాక్యం పుట్టించింది కూడా నేనే. ఏ పేపరూ చూసి రాయలేదు. మా పెదనాన్న సరదాకి అన్న మాట రాసేశాను."

ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. బస్సులో దొరికిపోయినవాడు జేబులు తడుముకుంటుంటే కండక్టర్లు చూసే చూపు అది. తొందరేమీ లేదు అందులో.

"నిన్న వాణ్ణి నేను తిడుతుంటే మీకు తెలుసన్నమాట."

"ఆధారాలయ్య నేనేనని తెలుసు. రాసింది నేనేనని తర్వాత చూస్తే తెలిసింది."

"మరి వెళ్లేటప్పుడు చెప్పొచ్చుగా? మీకు దణ్ణం పెట్టాను నేను."

నేను కీబోర్డు పక్కకు జరిపాను.

"ఆ ఏడాది పేపర్లు చూశానన్నారు. చూశారా?"

"లేదమ్మా."

ఆవిడ తోలు సంచి ఒళ్లోకి లాక్కుంది. ఆ తర్వాత నన్ను బాబూ అనలేదు.

"సారూ, నా చెవిలో చెబితే ఏం లాభం? రాసిన చోట చెప్పండి."

ఆవిడ పక్కన కూర్చుని ఉండగానే చర్చా పేజీలో రాశాను. ఆ వాక్యం నాదని, దానికి ఆధారం లేదని, పత్రికా, పుస్తకమూ రెండూ నా నుంచే తీసుకున్నాయని రాశాను. కత్తెర వెంటనే జవాబిచ్చింది. "మాస్టారూ, మీరన్నంత మాత్రాన అచ్చయిన పుస్తకాన్ని పక్కన పెట్టలేం కదా. మీ మాటకి ఆధారం ఏది?"

ఆ ప్రశ్న నేను నేర్పిందే. పేజీ చరిత్రలో నా వాక్యం చేరిన తేదీ, పత్రిక తేదీ, పుస్తకంలో పత్రికను చూపిన చోటు, మూడూ ఇచ్చాను. పది నిమిషాలకు వాక్యం పోయింది, దాంతోపాటు ఆరో నంబరూ పోయింది. కింద కత్తెర రాసింది: "తీసేశాను. మాస్టారూ, మీ పాత వ్యాసాలన్నీ ఒకసారి చూడాలి కదా. మొదటి నుంచీ మొదలెడుతున్నాను. ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటాను. పద్నాలుగు వందల వ్యాసాలు.

పాపం కడుక్కోవాలన్న ఆత్రం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. ఆవిడ వైపు తిరిగి అన్నాను. "అమ్మా, అక్కడ ఇంకో వాక్యం పెడతాను. చక్రం బిగుసుకుపోయినా లస్కరు చివరిదాకా తిప్పుతూ ప్రాణం వదిలాడని. కమిటీకి అదే చూపిద్దాం."

"ఎవరు చూశారు?" అంది.

"మీ అమ్మగారు చెప్పి ఉంటారు కదా..."

"మా అమ్మ ఇంట్లో ఉంది. మేమందరం ఇంట్లోనే ఉన్నాం. అక్కడేం జరిగిందో ఎవరికీ తెలీదు." గొంతు మొదటిసారి తగ్గింది. "మా నాన్నని మీరు ఒకసారి కథ చేశారు సారూ. చాలు. ఆ ఏడాది పేపర్లు ఎక్కడున్నాయో చూపించండి, నేనే చూసుకుంటా."

నాలుగు అరల అవతల నేల మీద కూర్చుని ఆ సంపుటం బయటికి లాగాను. దుమ్ముకి ఇద్దరం దగ్గాం. ఆవిడ బల్ల మీద పరుచుకుని, వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివింది. గండి పడిన మర్నాడు, రెండో రోజు, మూడో రోజు. నేను సాయం వస్తానంటే వద్దంది. మధ్యాహ్నం దాటాక, "సారూ, ఇటు రండి" అని పిలిచింది. గది చివరున్న ఇద్దరు తలలెత్తి చూశారు.

గండి పడిన ఐదో రోజు పత్రిక, ఏడో పేజీ, సబ్బు ప్రకటన కింద నాలుగు వరుసలు. లాకుల వద్ద నీరు తగ్గగా లస్కరు మృతదేహం నిన్న లభించింది. నడుముకు కట్టుకున్న తాడు రెండో కొస చక్రం స్తంభానికి కట్టి ఉంది. అంతే. తాగాడనీ లేదు, వీరుడనీ లేదు.

ఆవిడ వేలు తాడు అన్న మాట మీదే ఉండిపోయింది. "కొట్టుకుపోకుండా కట్టుకున్నాడు" అంది, నాతో కాదు. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. నేను పక్కన నిలబడ్డాను. ఏం చేయాలో తోచక ప్రకటనలో సబ్బు పేరు నాలుగైదు సార్లు చదువుకున్నాను. పదిహేనేళ్లు ఇది నా గదిలోనే ఉంది.

ఆ నాలుగు వరుసల్లో ఉన్నది ఉన్నట్టు వ్యాసంలో రాసి, తేదీ, పేజీ వేశాను. ఆవిడ తెరమీద రెండుసార్లు చదివి తలూపింది. పత్రిక నకలూ, నా ఒప్పుకోలు కాగితమూ పట్టుకుని సెక్రటరీ దగ్గరికి నేను కూడా వస్తానన్నాను. "కాగితాలు చాలు" అని ఒక్కతే వెళ్లింది. శుక్రవారం కల్లా నలభై రెండో పేరు చేరింది.

రాయి పెట్టిన రోజు నన్నెవరూ పిలవలేదు. వెళ్లి జనం వెనకాల నిలబడ్డాను. పేర్లన్నీ ఒకే వరుసలో, ఒకే కొలతలో ఉన్నాయి. నలభై రెండోది ఆఖర్న ఉంది, పేరూ, పక్కన లస్కరు అనీ. కండక్టరమ్మ దాని మీద అరచెయ్యి వేసి నిలబడింది. పక్కన ఆవిడ పోలికలే ఉన్న ఇంకొకావిడ, కాస్త చిన్నది. నేను తప్పుకుందామనుకునేలోపే ఆ గొంతు వినిపించింది.

"బాబూ, ఇటు రండి."

వెళ్లాను. చిన్నావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరక్కా ఈయన?"

కండక్టరమ్మ నా వైపు చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. చెబితే బాగుండుననీ అనిపించింది.

"గ్రంథాలయంలో పేపర్లు చూపించే బాబు. నాన్న సంగతి బయటికి రావడానికి సాయం చేశాడు" అంది.

చిన్నావిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఏదో అంటోంది, నాకు వినపడలేదు. నేను ఆ చేతుల మీదుగా కండక్టరమ్మనే చూస్తున్నాను. ఆవిడ అప్పటికే అటు తిరిగి, కొంగుతో రాయి మీద దుమ్ము తుడుస్తోంది. ముప్పై రెండేళ్లలో టికెట్ లేకుండా ఒక్క ప్రాణిని ఎక్కించుకోని మనిషి నన్ను ఎక్కించుకుంది. "కాదమ్మా, ఆ మాట రాసింది నేనే" అని ఆ చేతులు విడిపించుకుని దిగిపోవాల్సింది. నోరు విప్పలేదు, దిగలేదు.